అమ్మ వైపు నెత్తురు

9 జూలై 2024, తనకల్లు

అన్న ఎడమ పిక్క బిగిసిపోయింది. ముట్టుకుంటే వేడి. మదనపల్లె మండీలో టమోటా ఎత్తుకొని చెన్నై పోయి, సీటు దిగకుండా అట్లే తిరిగొచ్చినాడట. వదిన ఆముదం కాచి రుద్దుతోంది. "నరం పట్టింది, అంతే లేమ్మా" అంటాడు. నరం పడితే వాపు ఎందుకు? ఒక్క కాలికే ఎందుకు?

12 జూలై

నడిరేయి వదిన వచ్చి తలుపు బాదింది. అన్నకు ఊపిరాడటం లేదు. గాలి పీల్చినప్పుడల్లా ఎదలో పొడుస్తోందంటాడు. కొక్కంటి క్రాస్ కాడ కారు పట్టుకొని బెంగుళూరు దారి పట్టినాం. దారిలో దగ్గితే తువ్వాలు మీద ఎర్రగా పడింది. వదిన ఆ తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఎవరికి చూపించాలనో.

13 జూలై, బెంగుళూరు

గుండెపోటు కాదట. తొడ సిరలో గడ్డ కట్టిన నెత్తురు, దానిలో ఒక ముక్క తెగి, గుండె కుడి గదుల గుండా పోయి ఊపిరితిత్తిలో ఇరుక్కుంది. గడ్డ ఉన్న కాలు రుద్దకూడదట. వదిన తన చేతులు చూసుకుంటూ కూర్చుంది.

డాక్టరమ్మ అడిగింది: మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా గడ్డ కట్టిందా? చిన్న వయసులో ఉన్నట్టుండి ఎవరైనా పోయినారా?

లేదన్నాడు అన్న, మాస్కులోంచే. వదిన కూడా లేదనింది.

ఉన్నట్టుండి పోయినోళ్ళు...

14 జూలై

నిద్ర రాలేదు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చొని అక్కను తలుచుకుంటూ ఉండిపోయినా.

1998. పురుటికి వచ్చింది. బిడ్డ పుట్టిన వారానికి తలనొప్పి మొదలైంది. రెండు రోజులు వాంతులు. తర్వాత ఫిట్స్. కుడి చెయ్యి పడిపోయింది. పొద్దుగూకే వేళ పెరట్లోకి పోయిందని, చింతచెట్టు కింద గాలి సోకిందని అన్నారు. వేపమండలు, నిమ్మకాయలు, ముదిగుబ్బ నుంచి ఎవరినో పిలిపించడం. పన్నెండో రోజు పోయింది.

పక్షవాతం వచ్చే వయసా అది? ఇరవై రెండేళ్ళు.

రేపు డాక్టరమ్మకు చెప్పాలి.

15 జూలై

చెప్పినా. ఆమె పెన్ను ఆపి వినింది. "మెదడులోని సిరల్లో గడ్డ అయ్యుండొచ్చు, ఇప్పుడు తేల్చలేం" అనింది. బాలింతల్లో ఇది వస్తుందట. పుట్టుకతో నెత్తుటిలో లోపముంటే ఇంకా తొందరగా. అన్నకు పరీక్ష ఇప్పుడు చేయరు. గడ్డ పచ్చిగా ఉన్నప్పుడు, మందుల మీద ఉన్నప్పుడు ఆ లెక్కలు తప్పుగా వస్తాయట. కొన్ని నెలలు ఆగాలి.

ఇన్నేళ్ళు ఆగింది. ఇంకొన్ని నెలలు.

28 జూలై

అన్న ఇంటికొచ్చినాడు. గడ్డ కట్టనీయని ఎసిట్రామ్ మాత్ర రోజూ ఒకే వేళకు. కదిరికి పోయి ఐఎన్ఆర్ చూపించుకోవాలి, నెత్తురు గడ్డ కట్టే వేళ లెక్క అది, 2కీ 3కీ నడుమ ఉండాలి. తగ్గితే గడ్డ, మించితే నెత్తురు కారడం. ఆకుకూర మానొద్దు, కానీ ఒకరోజు బుట్టెడు ఒకరోజు సున్నా వద్దన్నారు. వదిన గోంగూర కట్టలు లెక్కబెట్టి వండుతోంది. బండి తోలొద్దంటే వినడు. కంతులు ఎవరు కడతారు అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

20 ఆగస్టు

పదో తరగతికి అనువంశికత పాఠం. బోర్డు మీద మెండెల్ బఠానీలు, పొడవు పొట్టి. పిల్లలు గళ్ళు గీసుకుంటున్నారు. వెనక బెంచీ పిల్లోడు లేచి, "మేడం, మంచి గుణాలే వస్తాయా, జబ్బులు కూడా వస్తాయా?" అన్నాడు.

వస్తాయి నాయనా అన్నా. గంట కొట్టేసినారు.

8 సెప్టెంబరు

నిన్న వినాయక చవితి. పత్రికి పెరట్లోకి పోతే అమ్మ చింతచెట్టు వైపు పోనీయలేదు. ఇప్పటికీ. ఆ కొమ్మలు కొట్టించాలని నాయన ఉన్నప్పుడు ఎన్నిసార్లు అనిందో. "నేను కళ్ళు మూసి తెరిచేలోగా పోయింది బయటికి" అంటుంది. ఆ మాట నా పెళ్ళిలో కూడా అనింది.

13 అక్టోబరు

దసరా మర్నాడు. ఫోన్లో చదువుతుంటే తెలిసింది, ఈ రోజును ప్రపంచమంతా థ్రాంబోసిస్ దినంగా జరుపుతారట. జర్మనీలో విర్కో అనే డాక్టరు పుట్టినరోజు, 1821. ఊపిరితిత్తిలో దొరికే గడ్డ అక్కడ పుట్టింది కాదు, కాలి సిరల నుంచి కొట్టుకొచ్చిందని చూపించింది ఆయనే. గడ్డ కట్టడానికి మూడు దారులు చెబుతారు ఆయన పేరు మీద: నెత్తురు నిలబడిపోవడం, నాళం గోడ దెబ్బతినడం, నెత్తురు గుణమే మారడం.

అన్నకు లారీ సీటు. అక్కకు పురుడు. ఆ మూడోది ఇద్దరికీ ఒకటేనా? చాలాసార్లు అదొక్కటే ఉంటే చాలదు, ఇంకోటి తోడు కావాలి. అందుకే అందరికీ రాదు. అందుకే ఎవరూ పట్టుకోలేదు.

17 నవంబరు

చెనిక్కాయలు పెరికినారు. గింజ సగమే నిండింది. అన్న చేన్లోకి రాలేదు, చిగుళ్ళ నుంచి నెత్తురు. ఐఎన్ఆర్ ఎక్కువైంది. మోకాలి నొప్పికని ఎవరో ఇచ్చిన మాత్ర మింగినాడట. డాక్టరమ్మ ఫోన్లోనే తిట్టింది.

ఎసిట్రామ్ జాతి మందు కనిపెట్టిన కథ వదినకు చెప్పినా. అమెరికాలో విస్కాన్సిన్ పక్క, వానలకు బూజు పట్టిన గడ్డి తిని పశువులు లోపల్లోపలే నెత్తురు కారి చచ్చేవట. 1933లో ఒక రైతు చచ్చిన దూడనూ, గడ్డకట్టని నెత్తురు పట్టిన డబ్బానూ బండిలో వేసుకొని, మంచులో యూనివర్సిటీకి పోయినాడు. లింక్ అనే ప్రొఫెసర్ మనుషులు ఏళ్ళు తవ్వితే ఆ గడ్డిలోని మందు దొరికింది. దాని జాతిదే ఇంకోటి మొదట ఎలకల మందుగా అమ్మినారు. తర్వాత మనుషులకు.

వదిన అంతా వినింది. "ఆ రైతుకు ఆవులు దక్కినాయా?" అనింది.

తెలీదు.

12 జనవరి 2025

అన్న కాగితం వచ్చింది. ఎసిట్రామ్ ఆపి, కొన్నాళ్ళు సూదుల మీద పెట్టి, అప్పుడు తీసిన నెత్తురు. ప్రోటీన్ ఎస్ తక్కువ. మళ్ళీ తీసి చూసినారు. మళ్ళీ తక్కువే.

గడ్డ కట్టించే పని కొన్నిటిది. చాలు, ఇంక ఆపు అనే పని ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్‌లది. అన్నలో ఆ ఆపేది సగం.

ఇట్లాంటి పుట్టు లోపాల్లో యూరపులో ఎక్కువగా కనిపించేది ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్. 1994లో లైడెన్ ఊర్లో పట్టుకున్నారు, యూరపోళ్ళలో నూటికి అయిదుగురిలో దాకా ఉంటుందట. మన దేశంలో అది తక్కువ. ప్రోత్రాంబిన్ మార్పు మనవాళ్ళలో దాదాపు లేదు. మనకు సి, ఎస్, యాంటీథ్రాంబిన్ లోపాలే ఎక్కువ పట్టుబడతాయని డాక్టరమ్మ చెప్పింది. 1965లో నార్వేలో ఎగెబర్గ్ అనే ఆయన ఒకే కుటుంబంలో గడ్డల మీద గడ్డలు చూసి, యాంటీథ్రాంబిన్ తక్కువని తేల్చినాడు. అదే మొదలట. ఆ ఇంట్లో కూడా ముందు గాలి అనే అనుకొని ఉంటారా?

వదిన పితికిపప్పు చేసింది. ఎవరూ సరిగ్గా తినలేదు.

14 జనవరి

సంక్రాంతి. పెద్దలకు బట్టలు పెట్టినాం. అక్క చీర దగ్గర నా చెయ్యి ఆగింది. అవ్వకు కూడా పెడతాం, అమ్మవాళ్ళమ్మకు. అవ్వను నేను చూసింది మంచం మీదనే. ఒక కాలు లావు. మడమ పైన నల్లబారిన తోలు, మానని పుండు. పసుపు, వేపాకు, గుడ్డ. మూడో కాన్పు తర్వాత నుంచి అట్లే ఉండెనని చెప్పుకొనేవాళ్ళు.

కాన్పు తర్వాత నుంచి.

అవ్వ, అమ్మ, అక్క, అన్న. బోర్డు మీద గీసినట్టే ఉంది.

9 ఫిబ్రవరి

నాదీ తక్కువే.

పాపను అనంతపురంలో కన్నప్పుడు మర్నాడే నడిపించినారు. అత్తగారు పథ్యం పట్టనీయలేదు, చెంబు చెంబు నీళ్ళు తాపింది. దానికే బతికినానా? ఊరికే బతికినానా? ఈ లోపమున్నా బతుకంతా గడ్డ ఊసే లేనివాళ్ళు ఉంటారట. నేను వాళ్ళలో ఒకదాన్నా, లేకపోతే ఇంకా రావాల్సి ఉందా...

16 ఫిబ్రవరి

పాపదీ వచ్చింది. తక్కువ.

ఫోన్లో చెప్పినా. "సరేమా" అనింది. కాసేపటికి మళ్ళీ చేసింది. నెలసరి సరిగ్గా రాలేదని రాసిచ్చిన హార్మోన్ మాత్రలు మింగుతోందట, ఆరు నెలలుగా. నాకు చెప్పలేదు. వాటిలో ఈస్ట్రోజెన్. ఏ లోపమూ లేని పిల్లలకే అవి గడ్డ ముప్పు పెంచుతాయి. చేతులు వణికినాయి. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పోయి మార్పించుకుంది. నాకన్నా తనే నిబ్బరంగా ఉంది.

23 ఫిబ్రవరి

అన్న కొడుకుదీ తక్కువే.

అమ్మకు పాప పుట్టినప్పటి నుంచి ఒకటే మాట, వాడికీ దీనికీ ముడి వేయాలని. మేనరికం మా ఇంట్లో కొత్త కాదు. అమ్మది మేనరికమే. అవ్వది మేనమామే. ఇద్దరిలోనూ లోపముంటే నలుగురు బిడ్డల్లో ఒకరికి రెండు వైపుల నుంచీ వచ్చే వీలుంది. అట్లాంటి బిడ్డకు పుట్టిన కొన్ని గంటల్లోనో, రోజుల్లోనో ఒళ్ళంతా నల్లటి మచ్చలు లేచి చర్మం చచ్చిపోతుందట. చదివి ఫోను పక్కన పెట్టేసినా.

అవ్వకు పురిట్లోనే పోయిన బిడ్డలు ఇద్దరు. నల్లబడి పోయినారని, ఎవరిదో దిష్టి అని... ఇది నేను కల్పించుకుంటున్నానా, నిజంగా విన్నానా?

2 మార్చి

ధర్మవరం నుంచి కబురు. అక్క కూతురు నెల తప్పి ఆరో నెల.

అక్క పోయినాక బావవాళ్ళు బిడ్డను తీసుకొని పోయినారు. పుట్టింటోళ్ళు సరిగ్గా చూసుకోలేదని మాటలు. రాకపోకలు లేవు. పెళ్ళి పత్రిక ఒకటి వచ్చింది, పోస్టులో.

సగానికి సగం. ఆ పిల్లకు ఉండొచ్చు, లేకపోవచ్చు. కాన్పయిన ఆరు వారాలు అన్నిటికన్నా ప్రమాదమట.

పోవాలి. ఏ మొగం పెట్టుకొని అని అన్న అంటాడు. ఈ మొగమే.

9 మార్చి

కదిరిలో రైలెక్కి ధర్మవరం పోయినా. బావ మగ్గం గుంతలో నుంచి లేవలేదు. "ఇన్నేళ్ళకు గుర్తొచ్చినామా" అన్నాడు. పక్కనే అక్క కూతురి అత్తగారిల్లు. ఆ పిల్ల బయటికి వచ్చింది. నడక అక్కది. నన్ను ఏమని పిలవాలో తెలీక నిలబడింది.

"చిన్నమ్మను" అన్నా.

కాగితాలు పరిచినా. అన్నది, నాది, పాపది. వాళ్ళమ్మ ఎట్లా పోయిందో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నిన్ను కని పోయింది అని మాత్రం చెప్పినారట. ఇరవై ఆరేళ్ళు ఆ ఒక్క మాటతో పెరిగింది.

"అయితే నా వల్ల కాదు కదా చిన్నమ్మా?"

కాదు. కాదు. ఎన్నిసార్లు అన్నానో.

15 మార్చి

వాళ్ళ డాక్టరు ఇప్పుడు పరీక్ష వద్దనింది. కడుపుతో ఉన్నప్పుడు ప్రోటీన్ ఎస్ అందరిలోనూ పడిపోతుంది, చూసినా తేలదు. మన ఇంటి కథ చాలట. తేలినట్టే అనుకొని చూసుకుంటానంది. హెపారిన్ జాతి సూది, పొట్ట మీద. అన్న మింగే మాత్ర గర్భిణికి పనికిరాదు, బిడ్డ దాకా పోయి కీడు చేస్తుంది. ఈ సూది మందు మావి దాటదు. ఆ పిల్ల అత్తగారు అడగాల్సినవన్నీ అడిగింది. ఆమె నచ్చింది నాకు. "ఖర్చు మాట మేం చూసుకుంటాం, మీరు కాగితాల జిరాక్సులు పెట్టి పోండి" అనింది.

18 మార్చి

కదిరి తిరునాళ్ళ. ఇంట్లో అమ్మ, నేను. ఇంక చెప్పక తప్పదనిపించింది.

"అమ్మా, అక్కను చింతచెట్టు పట్టలేదు. నెత్తుటి లోపం. తలలో గడ్డ కట్టుంటుంది."

"ఎవురు చెప్పినారు?"

చెప్పినా. అన్నది, నాది, పాపది.

"మీ నాయన తట్టుదా?"

ఇన్ని రోజులు నోరు రాకపోయింది ఇక్కడే. చెట్టు మీది నింద తీస్తే అది అమ్మ ఒంటి మీదికి వస్తుంది. "నీ తట్టుదే అయ్యుండొచ్చు. అవ్వ కాలు..."

అమ్మ చానా సేపు మాట్లాడలేదు. తర్వాత అవ్వ గురించి అంటుందేమో అనుకున్నా. అనలేదు.

"నీళ్ళు అడిగింది. బిందె పక్కనే ఉండె. బాలింతకు నీళ్ళు వాతమని నేనే మూత పెట్టినా. ఇచ్చింటే బతికేదా?"

నీళ్ళు తగ్గితే నెత్తురు చిక్కబడుతుంది, అది నిజం. నీళ్ళు తాగినా గడ్డ కట్టేదేమో, అదీ నిజం. ఈ రెండు నిజాల్లో అమ్మకు ఏది ఇవ్వాలి?

6 ఏప్రిల్

హైదరాబాదు నిమ్స్ డాక్టర్ల వ్యాసం ఒకటి చదివినా. 2002 నుంచి 2010 దాకా మెదడు సిరల్లో గడ్డతో వచ్చిన 428 మంది లెక్క. బాలింతల జబ్బనుకున్నా. సగానికి పైగా మగవాళ్ళే. కారణాల్లో రక్తహీనత ముందుంది, నెత్తుటిలో హోమోసిస్టీన్ పెరగడం ఉంది, తాగుడు ఉంది, ప్రోటీన్ ఎస్ లోపం కూడా. వాళ్ళలో ఎక్కువమంది కోలుకున్నారు. ఆస్పత్రికి చేరినవాళ్ళు. తలకు స్కాను తీసి, హెపారిన్ ఇస్తే.

1998లో తనకల్లు నుంచి స్కాను ఎంత దూరం? మైళ్ళ మాట కాదు. తీసుకుపోవాలని ఒకరికైనా తోచి ఉంటే కదా.

4 మే

ఇంకోటి చదివినా, మనసులోంచి పోవడం లేదు. లైడెన్ మార్పు ఇరవై వేల ఏళ్ళ కిందట ఎవరో ఒక్కరిలో మొదలై ఇంతమందికి పాకిందట. కీడు చేసేది ఇన్ని తరాలు ఎట్లా నిలిచింది? అది ఉన్న ఆడవాళ్ళకు కాన్పులో నెత్తురు తక్కువ పోతుందని స్వీడన్‌లో చూసినారు. నెత్తురు పోయి చచ్చే కాలంలో అది కాపాడి ఉండొచ్చు అంటారు.

మాది ఆ రకం కాదు. మాదానికి అట్లాంటి మంచి ఏమీ ఎవరూ చెప్పలేదు. అయినా అవ్వ తొమ్మిది కాన్పులు తలుచుకున్నా.

11 మే

అమ్మ మేనరికం మాట ఎత్తడం లేదు. పాప వచ్చినప్పుడు తలకు నూనె పెడుతూ, "నీకు నచ్చినోడికి ముందే చెప్పు, దాపరికం వద్దు" అనింది. పాప నా వైపు చూసింది. నేనూ అంత స్పష్టంగా చెప్పలేదు దానికి.

14 జూన్

ధర్మవరంలో ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. కాన్పుకు ముందు సూది ఆపి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టినారు. ఆరు వారాలు. తలనొప్పి వస్తే, కాలు వాస్తే, ఊపిరి బరువైతే ఆగొద్దని కాగితం రాసి గోడకు అంటించినారట, అత్తగారే.

బిడ్డకు పరీక్ష ఇప్పుడే వద్దు. పసికందుల్లో ఈ ప్రోటీన్లు ఎట్లాగూ తక్కువే ఉంటాయి. పెద్దయినాక చూద్దామన్నారు.

అమ్మ ఫోను లాక్కొని అక్క అత్తగారితో మాట్లాడాలనింది. ఆమె లేదు, పోయి చానా కాలమైంది. అప్పుడు ఆ పిల్లతోనే మాట్లాడింది. ఏం మాట్లాడిందో, తలుపేసుకుంది.

29 జూన్

అన్న బండి తోలుతున్నాడు. మాత్ర జీవితాంతం అని తేల్చినారు. రెండు గంటలకొకసారి దిగి నడుస్తాడట. వదిన ఫోన్లో అలారం పెట్టింది. మొలకలచెరువు టీ అంగడోడికి కూడా చెప్పి పెట్టిందట, అన్న అక్కడ ఆగకుండా పోతే ఫోన్ చెయ్యమని.

10 జూలై

ముదిగుబ్బ పోయినా. మేనమామ కొడుకు, బావ ఇల్లు. అవ్వ నెత్తురే వాళ్ళదీ. మామ యాభై నిండకుండానే నిద్రలో పోయినాడు. కూతురు పెళ్ళి శ్రావణంలో. గోడలకు సున్నం వేస్తున్నారు.

విన్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పినాడు. "ఇప్పుడు ఇది బయట పడితే పెళ్ళి ఉంటాదా? పిల్ల సుఖంగా ఉండాది. ఎందుకు ఈ కెలుకుడు?" కాగితం మడిచి నా చేతిలోనే పెట్టినాడు. కోపంగా కాదు. భయంగా.

ఆ పిల్ల వాకిట్లో గోరింటాకు రుబ్బుతోంది. నాకు కాఫీ తెచ్చిచ్చింది. పేరడిగితే నవ్వింది.

పెళ్ళికొడుకు వాళ్ళకు చెప్పమని నేను అనలేదు. పిల్లకు చెప్పమన్నా. రేపు కడుపుతో ఉన్నప్పుడు ఏ డాక్టరైనా అడిగితే, లేదు అని అనకుండా ఉండటానికి.

మళ్ళీ ఆదివారం పోతా. బావ లేని వేళ కాదు, ఉన్నప్పుడే.